మా అటకల మీది పుస్తకాలకు ఊళ్ళో ఒక గది కావాలి

విశాఖపట్నంలో గ్రంథాలయాల బాధ్యత చూస్తున్న అధికారులకు, నగర పాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నమస్కారం. మీకు పని ఒత్తిడి ఎంత ఉంటుందో తెలుసు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను.

మేము పుస్తకాలు కొనేవాళ్ళం. చదువుతాం కూడా. కానీ కొనే వేగాన్ని చదివే వేగం ఏనాడూ అందుకోలేదు. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం, గాజువాక, గోపాలపట్నం ప్రాంతాల్లో ఉంటాం. మాలో ఉక్కు కర్మాగారంలో రిటైరైన వారున్నారు, రైల్వే వారున్నారు, బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, ఒకరిద్దరు డాక్టర్లు ఉన్నారు. మా ఇళ్ళలో పేరుకుపోయిన పుస్తకాలను ప్రజల కోసం తీసుకునే ఏర్పాటు ఒకటి నగరంలో ఉండాలని కొందరం సంతకాలు చేసి, సంబంధిత కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్ళకు అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఎలా పరిష్కారమైందో తెలుసుకుందామని వెళ్తే, అక్కడి ఉద్యోగి ఒకరు మర్యాదగానే అన్నారు: "పుస్తకాలు మీరు కొన్నారు, మీ ఇంట్లో ఉన్నాయి. ఇది మీ ఇంటి సమస్య కదా?"

ఇది మా ఇంటి సమస్య మాత్రమే ఎందుకు కాదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు మా అలవాటు సంగతి. వారానికి ఒక పుస్తకం పూర్తి చేయడం గట్టి చదువరికే సాధ్యం. ఆ లెక్కన ఏడాదికి 52, నలభై ఏళ్ళకు 2,080. మాలో చాలామంది ఇళ్ళలో అంతకు మించే ఉన్నాయి. వారానికొకటి చదివే మొనగాడు మాత్రం మాలో లేడు. అంటే ఇంట్లో ఉన్నవి చదవడానికే ఈ ఆయుష్షు చాలదని తెలిసి కూడా, మళ్ళీ పుస్తక ప్రదర్శనకు సంచీ పట్టుకుని వెళ్తాం. ఇందులో కొంత వ్యసనం ఉంది, కాదనను. తగ్గింపు ధర బోర్డు కనిపిస్తే చేయి ఆగదు. పౌర గ్రంథాలయంలో ఆవిష్కరణ సభ ముగిశాక రచయిత బల్ల దగ్గర కలం పట్టుకుని నిలబడి ఉంటే, చేతులూపుకుంటూ బయటికి వచ్చేయడం మాకు చేతకాదు. ఇంట్లో వాళ్ళ కంట పడకుండా కొత్త పుస్తకాన్ని పాత వాటి వెనక రెండో వరసలో దాచే విద్య మాత్రం అందరికీ బాగా వచ్చు. చిరిగిన చొక్కా తొడుక్కునైనా మంచి పుస్తకం కొనుక్కోమని బడి గోడల మీద రాయించిన పెద్దలు, కొన్నాక ఎక్కడ పెట్టుకోవాలో రాయించలేదు.

అయితే ఈ వ్యసనం వెనక న్యాయమైన భయం ఒకటి ఉంది. మామూలు తెలుగు పుస్తకం అయిదు వందలో వెయ్యో ప్రతులు అచ్చవుతుంది. అవి అయిపోతే మళ్ళీ వేస్తారన్న నమ్మకం లేదు. ఇప్పుడు బల్ల మీద కనిపించిన కథల సంపుటి వచ్చే ఏడాది ద్వారకానగర్‌లో వెతికినా, డాబాగార్డెన్స్‌లో వెతికినా ఉండకపోవచ్చు. తీరిక దొరికే నాటికి పుస్తకం దొరకదు. అందుకని తీరిక లేనప్పుడే కొని పెట్టుకుంటాం.

అలాంటి పుస్తకాలు దాచడానికి ప్రభుత్వ గ్రంథాలయాలు లేవా అని మీరు అడగవచ్చు. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతులనూ ప్రచురణకర్త తన ఖర్చుతో నాలుగు గ్రంథాలయాలకు పంపాలని 1954లో వచ్చిన కేంద్ర చట్టం చెబుతోంది. ఆ నాలుగూ కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీ నగరాల్లో ఉన్నాయి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. సొంత డబ్బుతో అయిదు వందల కాపీలు వేయించుకున్న చోడవరం కవి ఆ నాలుగు ఊళ్ళకూ పొట్లాలు కట్టి పంపుతాడనుకోవడం అత్యాశ. పంపాడే అనుకుందాం, ఇక్కడి పాఠకుడు దాన్ని చూడడానికి కోల్‌కతా రైలెక్కాలా? మరి ఆ పుస్తకం ఈ ఊళ్ళో ఎక్కడ ఉంటుంది? మాలాంటి వాళ్ళ మంచాల కింద, అటకల మీద, ట్రంకుపెట్టెల్లో ఉంటుంది. ప్రభుత్వం కొనని, దాచని పుస్తకాలను జీతాల డబ్బుతో కొని దాచిపెట్టింది మేమే. ఇక దాచలేకపోతున్నాం. దీని ఫలితం ఎవరెవరి మీద పడుతోందో వరసగా చెబుతాను.

1. పుస్తకాల మనిషి పోయాక ఆ ఇంట్లో వాళ్ళకు మొదటి ఇబ్బంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెద్దకర్మ అయ్యాక నాలుగు రోజుల సెలవు మిగులుతుంది. ఆ నాలుగు రోజుల్లో ఫ్లాటు ఖాళీ చేయాలి. వాళ్ళు నేరుగా పాత పేపర్ల వాడిని పిలుస్తారనుకోకండి. ముందు గ్రంథాలయాలకే ఫోన్లు చేస్తారు. చోటు లేదని ఒకచోట, పైనుంచి అనుమతి రావాలని ఇంకొకచోట, పోటీ పరీక్షల పుస్తకాలైతే చూద్దామని మరొకచోట జవాబు వస్తుంది. నాలుగో రోజు సాయంత్రం తూకం వేసేవాడు రాక తప్పదు. కిలోకు పదీ పదిహేను రూపాయల మధ్య ఇస్తాడు. అట్టలు ఊడదీసి లోపలి కాగితం విడిగా కట్టుకుంటాడు, అది అతని వ్యాపారం. "ఆత్మీయంగా" అని రాసి రచయిత సంతకం చేసిన పేజీ కూడా ఆ కట్టలోనే వెళ్తుంది. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. వాళ్ళకు మనం చూపించిన దారి అదొక్కటే.

2. మన ఊరి గాలి పుస్తకానికి శత్రువు. ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం చుట్టుపక్కలో, అంతకు పైనో ఉంటుంది. 65 దాటితే కాగితానికి బూజు పడుతుంది. బైండింగులోని జిగురును వెండిరంగు పురుగు తింటుంది, మిగిలిన కాగితాన్ని చెదలు తింటాయి. 1950 నుంచి 1980 దాకా చౌక కాగితం మీద అచ్చయిన తెలుగు పుస్తకాలు అందులోని ఆమ్లం వల్ల అప్పటికే పెళుసెక్కి ఉంటాయి, పేజీ తిప్పితే మూల విరిగి చేతిలోకి వస్తుంది. కలరా ఉండలు, ఎండు వేపాకు, నెలకోసారి ఎండలో ఆరబెట్టడం, ఇవే మా సంరక్షణ పద్ధతులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలిన ఇళ్ళలో పుస్తకాలు ఎలా ఉబ్బి ముద్దయ్యాయో ఈ ఊరి చదువరులను అడగండి. అపురూపమైన పుస్తకాలు వంద ఇళ్ళలో ఇలా చెదలకూ తుపానుకూ వదిలేసి ఉండడం నగరానికి క్షేమమా?

3. పరిశోధన విద్యార్థుల కష్టం వేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం వంటి పెద్ద భాండాగారం ఉన్నా, చిన్న ప్రచురణలన్నీ ఏ విశ్వవిద్యాలయమూ కొనలేదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన కవితా సంపుటాలు, కార్మిక సంఘాల కరపత్రాలు, నాటక సమాజాల వార్షిక సంచికలు, మాస్కోలో అచ్చయి 1991తో రావడం ఆగిపోయిన తెలుగు అనువాదాలు, అదే ఏడాది మూతబడిన సాహిత్య మాసపత్రిక 'భారతి' పాత సంచికలు, ఇవన్నీ ఇళ్ళలోనే ఎక్కువ. ఎవరి ఇంట్లో ఏముందో చెప్పే జాబితా ఎక్కడా లేదు. విద్యార్థి ఆ నోటా ఈ నోటా విని తలుపు తట్టాలి. తట్టేసరికి ఆ ఇంటాయన ఉండడు.

4. అన్నిటికంటె నన్ను ఎక్కువ బాధించేది ఇది. మేము చదవలేక దాచినవి, కొనలేని వాళ్ళు చదవగలిగి ఉండేవి. శాఖా గ్రంథాలయంలో ఉదయం నుంచి కుర్చీ వదలకుండా పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఇంట్లో చదువుకునే చోటు లేకనే వాళ్ళు అక్కడికి వస్తున్నారు. కానీ అదే గదిలో ఒక నవల కోసం వచ్చిన గృహిణికి, బొమ్మల కథల కోసం వచ్చిన నాలుగో తరగతి పిల్లకు చూపించడానికి అలమారలో ఏముంది? అట్టలూడిన పాత స్టాకు. మా ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయి వదిలేసిన కథల పుస్తకాలు పెట్టెల నిండా ఉన్నాయి. పాడేరు, చింతపల్లి, అరకు వైపు బడుల్లో పాఠ్యపుస్తకం తప్ప మరో తెలుగు పుస్తకం ముట్టుకోని పిల్లలు ఉన్నారు. ఈ రెంటి మధ్య దూరం ఘాట్ రోడ్డు అంత. 2025 మే 1న తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవ మొదలుపెట్టింది. 300 గ్రాముల పుస్తకాలు 20 రూపాయలకు, 5 కిలోలు 100 రూపాయలకు పంపవచ్చు, పన్నులు అదనం. కిలో పుస్తకాలను తూకానికి అమ్మితే వచ్చే డబ్బు కంటె, వాటిని కొండ మీది బడికి చేర్చే ఖర్చు కాస్తే ఎక్కువ. ఆ ఖర్చు భరించడానికి మాలో చాలామందిమి సిద్ధం. ఏ బడికి ఏ పుస్తకం కావాలో చెప్పే మనిషి లేడు, అంతే.

5. గ్రంథపాలకుల భయం కూడా నాకు అర్థమవుతుంది. విరాళంగా వచ్చిన పుస్తకం ఒకసారి అక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి చేరిన పుస్తకాలు నమోదు చేసే చిట్టాలో, ఎక్కిందంటే అది ప్రభుత్వ ఆస్తి. రేపు స్టాకు తనిఖీలో కనిపించకపోతే బాధ్యత ఆ ఉద్యోగిదే. ఉచితంగా వచ్చిన పుస్తకానికి జీతంలోంచి కట్టాల్సి వస్తుందేమోనన్న బెదురుతో ఎవరు మాత్రం చేయి చాపుతారు? అందుకే చోటు లేదన్న మాట చాలాసార్లు చోటు గురించి కాదు.

ఇక మా వైపు నుంచి ఒక మాట. మా దగ్గర ఉన్నవన్నీ ఆణిముత్యాలు కావు. 1990ల నాటి కంప్యూటర్ పుస్తకాలు, కాలం చెల్లిన ఆదాయపు పన్ను గైడ్లు, ఎవరో బహుమతిగా ఇచ్చిన వ్యక్తిత్వ వికాస గ్రంథాలు కూడా ఉన్నాయి. వాటిని కూడా మోయమని మిమ్మల్ని అడగడం లేదు. ఏది ఉంచాలి, ఏది పంపాలి, ఏది తూకానికి వేయాలి అన్నది తెలిసిన వాళ్ళు చూసి తేల్చాలి. ఇప్పుడు ఆ నిర్ణయం తూకం రాయి చేస్తోంది. లావు పుస్తకానికి ఎక్కువ విలువ, పల్చటి కవితా సంపుటికి తక్కువ.

ఇది అసాధ్యమైన కోరికేమీ కాదు. పక్క రాష్ట్రంలో చెట్టినాడు ప్రాంతపు కోట్టైయూర్‌లో రోజా ముత్తయ్య అనే ఆయన బోర్డులు రాసే చిత్రకారుడు. జీవితమంతా తమిళ పుస్తకాలు, పత్రికలు, నాటకాల నోటీసులు, ఆహ్వాన పత్రికలు కూడా పోగుచేశాడు. అన్నీ చదవడం ఒక మనిషి తరం కాదని ఆయనకు తెలియదా? 1992లో ఆయన పోయాక ఆ రాశిని షికాగో విశ్వవిద్యాలయం కొన్నది. కానీ సముద్రం దాటించలేదు, చెన్నైలోనే ఉంచింది. ఆ రాశే 1994లో ఆయన పేరుతో పరిశోధన గ్రంథాలయమైంది. ఇవాళ తమిళ సమాజ చరిత్ర రాయాలనుకునే వాళ్ళు ఆ తలుపు తట్టకుండా పని మొదలుపెట్టరు. మన ముత్తయ్యలు ఎంతమంది తూకానికి వెళ్ళిపోయారో లెక్క ఎవరూ పెట్టలేదు.

ఇదే విశాఖపట్నంలో 1886లో మంతిన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం పెట్టారు. తెలుగునాట గ్రంథాలయాల చరిత్ర చెప్పే వాళ్ళు మొదట తలుచుకునే పేరు అది. ఆ తరువాత రాజమండ్రిలో గౌతమి, వేటపాలెంలో సారస్వత నికేతనం, 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ, 1935లో కృష్ణా కాలువల మీద పడవ గ్రంథాలయం. ప్రభుత్వం పైసా ఇవ్వని రోజుల్లో, ఇళ్ళలోంచి పుస్తకాలు అడిగి తెచ్చి నిలబెట్టిన ఉద్యమం అది. ఇప్పుడు ఇళ్ళవాళ్ళే పుస్తకాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడితే చోటు లేదంటున్నారు.

డబ్బు లేదనే మాట దగ్గర మాత్రం కొంచెం గట్టిగా మాట్లాడాల్సి ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పదివేలు ఇంటి పన్ను కట్టే కుటుంబం 800 రూపాయలు పుస్తకాల కోసమే ఇస్తోంది, ఆ ఇంట్లో ఎవరూ గ్రంథాలయం గడప తొక్కకపోయినా సరే. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు రాష్ట్రంలో పాతదే. కనుక మేము అడుగుతున్నది దానం కాదు.

మా డిమాండ్లు ఇవి:

1. నగరంలో బస్సు దిగి నడిచి వెళ్ళగలిగే చోట ఒక పుస్తక స్వీకరణ కేంద్రం తెరవాలి. భవనం కట్టనక్కరలేదు, చెమ్మ లేని గది ఒకటి చాలు. ఆరు అరల ర్యాకు ఒకటికి దాదాపు రెండు వందల పుస్తకాలు పడతాయి. మొదటి పది ర్యాకులు మేమే తెచ్చి పెడతాం. వారంలో ఏ రోజుల్లో, ఏ వేళల్లో తీసుకుంటారో గుమ్మం మీద రాసి ఉండాలి, ఆ వేళకు మనిషి ఉండాలి.

2. ఏ పుస్తకాలు తీసుకుంటారు, ఏవి తీసుకోరు అన్నది తెలుగులో ఒక పేజీలో ప్రకటించాలి. మనిషి పోయిన ఇంటి నుంచి ఫోను వస్తే వారం లోపల ఎవరైనా వెళ్ళి చూసే ఏర్పాటు ఉండాలి. ఆ చూసే పనికి రిటైరైన గ్రంథపాలకులు, తెలుగు అధ్యాపకులు జీతం లేకుండా వస్తామంటున్నారు. వాళ్ళకు గుర్తింపు కార్డు ఇవ్వండి చాలు.

3. విరాళంగా వచ్చిన పుస్తకాల విషయంలో గ్రంథపాలకుల మీద రికవరీ బెదిరింపు తొలగిస్తూ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 215వ నిబంధన, పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదికి అయిదు పోవడం సహజమేనని, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే చాలునని ఒప్పుకుంటోంది. కేంద్రానికి ఉన్న ఆ పాటి ఉదారత మన శాఖా గ్రంథాలయాలకు ఎందుకు ఉండకూడదు? ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్న గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ సూత్రం 1931 నాటిది. తనిఖీ భయంతో బీరువాకు తాళం వేస్తే ఆ పాఠకుడు ఎలా వస్తాడు?

4. తీసుకున్న ప్రతి తెలుగు పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం జాబితాలో ఎక్కించి ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఇంకెక్కడా లేని ప్రతి అని తేలితే దాన్ని ఎవరికీ పంపకుండా ఇక్కడే ఉంచాలి. రచయిత మరణించి 60 ఏళ్ళు దాటిన పుస్తకాలకు కాపీరైటు అడ్డు రాదు కనుక, పెళుసెక్కిన వాటిని ముందు స్కాన్ చేయించాలి.

5. పిల్లల పుస్తకాలను విడిగా కట్టి, ఏజెన్సీ బడుల నుంచి వచ్చే కోరికలకు అనుగుణంగా పంపాలి. తపాలా ఖర్చుకు దాతలను మేము చూస్తాం. ఏ బడికి ఏమేం కావాలో కనుక్కుని చెప్పే పని విద్యాశాఖతో మాట్లాడి మీరు చేయించాలి.

6. విశాఖ నగరంలో ఏటా ఎంత గ్రంథాలయ సెస్సు వసూలైంది, ఎంత జమ అయింది, అందులో పుస్తకాల కొనుగోలుకు ఎంత వెళ్ళింది, ఈ మూడు అంకెలూ ప్రతి శాఖా గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెట్టాలి.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలవుతాయి. సభలు జరుగుతాయి, పుస్తక పఠనం తగ్గిపోతోందని ఉపన్యాసాలు ఉంటాయి, మేమూ వచ్చి ముందు వరసలో కూర్చుంటాం. ఆ లోగా పై ఆరు అంశాల మీద మీ జవాబు కాగితం మీద, సంతకంతో కావాలి. కుదరని అంశం ఉంటే ఎందుకు కుదరదో అందులోనే రాయండి, వాటి మీద మళ్ళీ మాట్లాడుకుందాం. గది ఎక్కడో చెబితే ర్యాకులు తీసుకుని వచ్చేవారం వస్తాం.

ఇట్లు,
పుస్తకాలు కొనేవాళ్ళ తరఫున,
ఒక పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం